సలహా ఇచ్చేవారా, అమ్మేవారా? ఖాతాలో డబ్బు పడ్డాక వచ్చేవారిని ఏం అడగాలి



తల్లికి వందనం డబ్బు పడ్డా, అన్నదాత సుఖీభవ విడత వచ్చినా, డ్వాక్రా గ్రూపు రుణం మంజూరైనా, ఇంట్లో ఎవరైనా పోయి బీమా సొమ్ము జమ అయినా, బ్యాంకు మెసేజ్ వెనకాలే ఇంకో ఫోన్ వస్తుంది. "అమ్మా, ఊరికే సేవింగ్స్‌లో ఉంచితే ఏమొస్తుంది? మంచి ప్లాన్ ఒకటి ఉంది" అంటారు. ఫోన్ కాకపోతే మనిషే వస్తాడు. చాలాసార్లు ఊళ్లో తెలిసినవాడే, వరసకు బాబాయో బావో అవుతాడు. ఒక్కోసారి బ్యాంకు కౌంటర్లోనే చెబుతారు.

ఎక్కడ డబ్బు పెట్టాలో ఈ పీడీఎఫ్‌లో చెప్పడం లేదు. అది సమాచార శాఖ పని కాదు, చెప్పే అర్హతా మాకు లేదు. ఆ అర్హత ఎవరికి ఉంటుంది, మన దేశంలో దాని నిబంధనలు ఎలా మారుతూ వచ్చాయి, మీ ముందు కూర్చున్న మనిషిని మీరు ఏం అడగవచ్చు అన్నది మాత్రం చెబుతాను. కాస్త పెద్దదే. తీరిగ్గా చదవండి, చదవడం రాని పెద్దవాళ్లుంటే వాళ్లకు చదివి వినిపించండి.

మా మేనత్త సంగతి

2018లో మా మామయ్య పోయారు. వచ్చిన డబ్బులో కొంత ఫిక్స్‌డ్ డిపాజిట్ వేద్దామని మా అత్త తన ఖాతా ఉన్న బ్యాంకుకు వెళ్లింది. అక్కడి అమ్మాయి కూర్చోబెట్టి, మంచినీళ్లు ఇచ్చి, ఎఫ్‌డీ కంటే ఇది మేలు, బ్యాంకుదే అని చెప్పి నాలుగైదు చోట్ల సంతకాలు పెట్టించుకుంది. లక్ష రూపాయలు కట్టించుకున్నారు. నెల తిరక్కుండానే పోస్టులో ఒక పుస్తకం లాంటిది వచ్చింది. అత్త దాన్ని పొలం కాగితాలతో పాటు పెట్టెలో పెట్టి తాళం వేసింది.

ఏడాది తర్వాత "ప్రీమియం గడువు" అని మెసేజ్ వస్తే నాకు చూపించింది. తీసి చదివితే అది పదేళ్లు, ఏటా లక్ష కట్టాల్సిన జీవిత బీమా పాలసీ. అరవై దాటిన మనిషి, వేరే ఆదాయం లేదు. వద్దనుకుంటే వెనక్కి ఇచ్చేయడానికి అప్పట్లో ఉన్న 15 రోజుల గడువు ఎప్పుడో పోయింది. ఆ రోజుల్లో అలాంటి పాలసీకి మూడేళ్ల ప్రీమియం పూర్తిగా కట్టకపోతే చేతికి ఏమీ వచ్చేది కాదు. బ్యాంకుకు వెళ్తే ఆ అమ్మాయి బదిలీ అయిపోయింది, మేనేజరు అత్త సంతకాలు చూపించారు. బీమా ఫిర్యాదు ఎక్కడ చేయాలో తెలియక బ్యాంకు చుట్టూ తిరుగుతూ ఆ గడువు కూడా దాటించుకున్నాం. నేను జర్నలిజం చదివి, రోజూ ప్రభుత్వ సమాచారం పదిమందికి చేర్చే ఉద్యోగంలో ఉండి ఈ పని చేశాను. లక్షా పోయింది.

"అదేంట్రా, ఆ పిల్ల నన్ను అమ్మా అని పిలిచిందే" అని అత్త ఇప్పటికీ అంటుంది.

అమ్మా అని పిలిచిన అమ్మాయి చెప్పింది సలహా అని అత్త అనుకుంది. ఆమె చేసింది అమ్మకం. బ్యాంకు ఆ బీమా కంపెనీకి ఏజెంటు. ఈ తేడా ఆ రోజు అత్తకూ తెలియదు, నాకూ సరిగా తెలియదు.

పురుగుమందుల కొట్టూ, వ్యవసాయ అధికారీ

చేలో తెగులు వస్తే మీరు రెండు చోట్లకు వెళ్లవచ్చు. పురుగుమందుల కొట్టాయన్ని అడిగితే డబ్బా చేతికిచ్చి పంపుతాడు. ఆయన చెప్పింది నిజమే కావచ్చు, కానీ డబ్బా అమ్ముడైతేనే ఆయనకు గిట్టుబాటు. వ్యవసాయ అధికారిని అడిగితే, ఈ వారం ఏమీ కొట్టొద్దు, నీళ్లు తగ్గించు అని కూడా చెప్పగలరు. మీరు ఏం కొన్నా, కొనకపోయినా ఆయన జీతం మారదు.

డబ్బు విషయంలోనూ ఇద్దరు ఉంటారు. ఒకరు ఏజెంటు లేదా డిస్ట్రిబ్యూటరు. పాలసీ, ఫండు, చిట్టీ అమ్మితే కంపెనీ ఈయనకు కమీషన్ ఇస్తుంది. ఇంకొకరు పెట్టుబడి సలహాదారు, ఇంగ్లిష్‌లో ఇన్వెస్ట్‌మెంట్ అడ్వైజర్. ఈయనకు ఫీజు మీరే ఇస్తారు, కంపెనీ ఇవ్వదు. చట్టం ప్రకారం మీ మేలే తన మేలుగా చూడాల్సిన బాధ్యత ఈయన మీద ఉంటుంది.

కమీషన్ తీసుకోవడం తప్పు కాదు. మండుటెండలో సైకిల్ మీద ఊరూరా తిరిగి పాలసీలు కట్టించిన ఏజెంట్ల వల్లే మన పల్లెల్లో చాలా కుటుంబాలకు బీమా అంటే ఏమిటో తెలిసింది. యజమాని పోయిన ఇంటికి వచ్చి, క్లెయిమ్ కాగితాలు దగ్గరుండి నింపి, డబ్బు ఇప్పించిన ఏజెంట్లు నాకు తెలుసు. కమీషన్ మీద బతికే మనిషి తనను సలహాదారుగా చెప్పుకున్నప్పుడే చిక్కు వస్తుంది. మన దేశంలో ఇన్నేళ్లుగా తెచ్చిన మార్పుల్లో ఎక్కువ భాగం ఈ ఇద్దర్నీ విడదీయడం కోసమే.

నిబంధనలు ఎలా మారాయి

మొదటి పెద్ద మార్పు 2009లో వచ్చింది. అంతకు ముందు మ్యూచువల్ ఫండులో మీరు వంద రూపాయలు పెడితే రెండు రూపాయల పైచిలుకు ముందే కోసేసి ఏజెంటుకు ఇచ్చేవారు. దాన్ని ఎంట్రీ లోడ్ అనేవారు. షేర్లు, ఫండ్ల మార్కెట్‌ను చూసుకునే సంస్థ సెబీ 2009 ఆగస్టు 1 నుంచి ఆ కోతను ఆపేసింది. 2013 జనవరి నుంచి ఏజెంటు లేకుండా నేరుగా కొనుక్కునే డైరెక్ట్ ప్లాన్లు వచ్చాయి. 2018లో మొదట్లోనే ఒకేసారి ఇచ్చే కమీషన్‌ను కూడా తీసేశారు. ఇప్పుడు ఫండు డిస్ట్రిబ్యూటరుకు మీ డబ్బు అందులో ఉన్నన్నాళ్లూ కొంచెం కొంచెంగానే వస్తుంది. కొత్త ఫండు చూపించి పాతది అమ్మించే అలవాటు దీనివల్ల కొంత తగ్గాలి. ఆరు నెలలకోసారి వచ్చే ఖాతా స్టేట్‌మెంట్‌లో మీ వల్ల డిస్ట్రిబ్యూటరుకు ఎంత వచ్చిందో రూపాయల్లో ఉంటుంది. ఎక్కువమంది అది తెరవరు. ఒకసారి తెరిచి చూడండి.

సలహాదారుల కోసం విడిగా నిబంధనలు 2013 జనవరిలో వచ్చాయి. ఫీజు తీసుకుని పెట్టుబడి సలహా ఇచ్చేవారు సెబీ దగ్గర నమోదు కావాలి, పరీక్ష పాసవ్వాలి, క్లయింటు నష్టాన్ని ఎంతవరకు తట్టుకోగలరో లెక్కగట్టాకే సలహా ఇవ్వాలి, ఆ రికార్డులు దాచాలి అని అందులో ఉంది. అయినా ఒక సందు మిగిలింది. భర్త పేరుతో సలహా ఇవ్వడం, భార్య పేరుతో అదే క్లయింటుకు ఫండు అమ్మి కమీషన్ తీసుకోవడం జరిగేది. 2020లో దాన్నీ మూసేశారు. ఒక క్లయింటుకు సలహా ఇస్తే, ఆ సలహాదారు గానీ ఆయన కుటుంబం గానీ అదే క్లయింటుకు అమ్మకం చేయకూడదు. రాతపూర్వక ఒప్పందం తప్పనిసరి అయింది, ఫీజుకు పరిమితి వచ్చింది.

2020లోనే వచ్చిన ఇంకో నిబంధన పేరుకు సంబంధించింది. సెబీ నమోదు లేకుండా ఫండ్లు అమ్మేవారు తమను "ఇండిపెండెంట్ ఫైనాన్షియల్ అడ్వైజర్" అనీ, "వెల్త్ అడ్వైజర్" అనీ బోర్డు పెట్టుకోకూడదు. డిస్ట్రిబ్యూటరు అనే చెప్పుకోవాలి. ఒక మాట మార్పించడానికి నిబంధన ఎందుకు అనిపించవచ్చు. మాటలతోనే పని చేసే ఉద్యోగం నాది, అందుకేనేమో ఇన్ని నిబంధనల్లో నాకు ఇదే అన్నింటికంటే ముఖ్యంగా కనిపిస్తుంది. విజిటింగ్ కార్డు మీద "అడ్వైజర్" అని ఉంటే మనం అడిగే ప్రశ్నలు సగానికి సగం తగ్గిపోతాయి.

ఇంత కట్టుదిట్టం చేశాక ఇంకో సమస్య వచ్చింది. 2020 నిబంధనల్లో పీజీ చదువు, అయిదేళ్ల అనుభవం, చేతిలో ఇంత ఆస్తి అన్నీ ఉండాలన్నారు. దాంతో కొత్తగా వచ్చేవారే కరువయ్యారు. దేశం మొత్తం మీద సెబీలో నమోదైన సలహాదారులు వెయ్యి అటూఇటూ. వాళ్లలోనూ ఎక్కువమంది పెద్ద నగరాల్లోనే ఉంటారు. మన మండల కేంద్రంలో ఒకరు దొరుకుతారని నేను చెప్పలేను.

అందుకే 2024 డిసెంబరులో నిబంధనలు కొంత సడలించారు. ఇప్పుడు డిగ్రీతో పాటు పరీక్షలు పాసైతే చాలు, అనుభవం అక్కర్లేదు. ఆస్తి చూపించే బదులు క్లయింట్ల సంఖ్యను బట్టి రూ.1 లక్ష నుంచి రూ.10 లక్షల వరకు డిపాజిట్ ఉంచాలి. వేరే ఉద్యోగం చేసుకుంటూ పార్ట్‌టైమ్‌గా 75 మంది క్లయింట్ల వరకు సలహా ఇవ్వవచ్చు. మారని ఫీజు పద్ధతిలో ఒక కుటుంబం నుంచి ఏడాదికి రూ.1,51,000 మించి తీసుకోకూడదు. ఈ అంకె చూసి భయపడకండి, అది గరిష్ఠ పరిమితి. అయితే అలాంటి పరిమితి ఎవరి కోసం రాసిందో మీకు అర్థమయ్యే ఉంటుంది. నెలకు రూ.4 వేల పింఛనుతో బతికే అవ్వ ఫీజు ఇచ్చి సలహాదారును పెట్టుకోదు.

బీమాలో కథ వేరు

పైన చెప్పినవన్నీ సెబీ నిబంధనలు. బీమాను చూసేది వేరే సంస్థ, దాని పేరు ఐఆర్‌డీఏఐ, హైదరాబాద్‌లోనే ఉంది. బీమా మాత్రమే అమ్ముతూ దాని గురించే సలహా చెప్పే ఏజెంట్లకు సెబీ సలహాదారుల నిబంధనలు వర్తించవు. కాబట్టి "ఇన్సూరెన్స్ అడ్వైజర్" అని బోర్డు పెట్టుకుంటే సెబీ అడ్డు చెప్పదు. మన పల్లెల్లో ఇంటికి వచ్చేది ఎక్కువగా వీళ్లే. అంటే సలహానూ అమ్మకాన్నీ విడదీసిన నిబంధన, దాని అవసరం ఎక్కువగా ఉన్న చోటికి ఇంకా రాలేదు.

కమీషన్ సంగతి కూడా తెలుసుకోండి. పొదుపు, బీమా కలిపిన పాలసీల్లో మొదటి ఏడాది కమీషన్ ఎక్కువగా ఉంటుంది, తర్వాతి ఏళ్లలో తగ్గిపోతుంది. ఉదాహరణకు మొదటి ఏడాది కమీషన్ 25 శాతం అనుకుంటే, మీరు కట్టిన రూ.20 వేలలో రూ.5 వేలు అమ్మినవారికి వెళ్తాయి. 2023 ఏప్రిల్ నుంచి ఒక్కో రకం పాలసీకి ఇంతే కమీషన్ అన్న పరిమితి తీసేసి, కంపెనీ మొత్తం ఖర్చుకు పరిమితి పెట్టారు. ఏజెంటు ఏ పాలసీ గురించి ఉత్సాహంగా చెబుతున్నాడో, ఏది అడిగినా దాటేస్తున్నాడో చూస్తే కొంత మీకే అర్థమవుతుంది.

కమీషన్ మొత్తం ఎత్తేయవచ్చు కదా అని మా ఆఫీసులోనే ఒకరు అడిగారు. బ్రిటన్‌లో 2012 ఏడాది చివరి నుంచి కొత్త పెట్టుబడి సలహాలకు కమీషన్ నిషేధించారు, సలహాదారులకు చదువు స్థాయి కూడా పెంచారు. సలహా నాణ్యత పెరిగింది. కానీ ఫీజు ఇవ్వలేని చిన్న పొదుపుదారులకు సలహా చెప్పేవారే తగ్గిపోయారన్న విమర్శ అక్కడ వచ్చింది. మన దగ్గర అలా ఒక్కసారిగా ఎత్తేస్తే ఊరికి వచ్చే ఏజెంటు మానేస్తాడు, ఆ స్థానంలో ఫోన్లో మోసగాడు వస్తాడేమోనన్న భయం నాకు ఉంది. అలాగని ఇప్పుడున్నట్టే ఉండాలనీ అనను. కనీసం కమీషన్ ఎంతో మనం అడగకుండానే కాగితం మీద రాసి ఇవ్వాలన్న నిబంధన బీమాలోనూ రావాలి.

బీమాలో మేలు చేసే మార్పులు రెండు వచ్చాయి. పాలసీ కాగితాలు మీ చేతికి అందాక నచ్చకపోతే వెనక్కి ఇచ్చే గడువు ఇప్పుడు 30 రోజులు. స్టాంపు ఖర్చు, వైద్య పరీక్ష ఖర్చు, బీమా ఉన్న రోజులకు కొంచెం తీసుకుని మిగతాది తిరిగి ఇవ్వాలి. కారణం చెప్పి బతిమాలాల్సిన పని లేదు. రెండోది, 2024 అక్టోబరు 1 నుంచి కొత్త నిబంధనల కింద అమ్ముతున్న పొదుపు పాలసీల్లో, ఒక ఏడాది ప్రీమియం పూర్తిగా కట్టి ఏడాది గడిచాక మానేసినా కొంత సొమ్ము తిరిగి రావాలి. మా అత్త పాలసీ ఆ తర్వాత తీసుకుని ఉంటే లక్షలో కొంతైనా దక్కేది.

అందుకే పోస్టులో బాండు వస్తే పెట్టెలో పెట్టకండి. కవరు మీద అందిన తేదీ రాసి, ఆ వారంలోనే చదువుకున్న పిల్లల చేత చదివించుకోండి. మూడు అంకెలు చూడమనండి: ఏటా ఎంత కట్టాలి, ఎన్నేళ్లు కట్టాలి, మధ్యలో మానేస్తే ఎంత వస్తుంది.

ఎదురుగా కూర్చున్నప్పుడు

మొహమాటమే మనకు పెద్ద ఇబ్బంది. తెలిసినవాణ్ని కార్డు చూపించమని ఎలా అడుగుతాం? అడగడం మీ హక్కు, చూపించడం ఆయన బాధ్యత. బీమా ఏజెంటు తన గుర్తింపు కార్డు చూపించాలి. అడిగితే ఈ పాలసీ మీద తనకు ఎంత కమీషనో చెప్పాలి. ఇవి ఏజెంట్ల ప్రవర్తనా నియమావళిలో ఉన్నాయి. ఫండు అమ్మేవారికి ఏఆర్‌ఎన్ నంబరు ఉంటుంది. సెబీ సలహాదారుకు ఇంగ్లిష్ అక్షరాలు ఐ, ఎన్, ఏ తో మొదలయ్యే నమోదు నంబరు ఉంటుంది. ఆ నంబరు సెబీ వెబ్‌సైట్లో కొడితే పేరు, చిరునామా వస్తాయి. ఎదురుగా ఉన్న మనిషి పేరుతో సరిపోవాలి. వేరేవాళ్ల నంబరు తమదిగా చెప్పుకునేవారు ఉన్నారు.

మాట ఇలా కలపవచ్చు: "బాబాయ్, నువ్వు చెప్పావు కాబట్టే కడతాను. కాకపోతే నీకు దీని మీద ఎంతొస్తుందో చెప్పు, ఇది ఎఫ్‌డీనా బీమానా కాగితం మీద రాసి సంతకం పెట్టు." మంచి ఏజెంటు రాసిస్తాడు. రాయనంటే ఆ రోజుకు టీ ఇచ్చి పంపండి.

కమీషన్లో సగం నీకే ఇస్తానని కొందరు ఆశ చూపిస్తారు. బీమా చట్టం 41వ సెక్షన్ ప్రకారం అది నేరం, రూ.10 లక్షల దాకా జరిమానా పడవచ్చు. అలా ఇచ్చేవాడు అమ్మకం కోసం ఎంత తొందరపడుతున్నాడో కూడా దాన్నిబట్టి తెలుస్తుంది.

లోను కావాలంటే మా దగ్గర పాలసీ తీసుకోవాల్సిందేనని బ్యాంకులో అంటే, అది నిబంధనలకు విరుద్ధం. ఆ మాట కాగితం మీద రాసివ్వమనండి. సాధారణంగా అక్కడితో ఆగుతుంది.

ఖాళీ ఫారం మీద సంతకం గానీ వేలిముద్ర గానీ పెట్టవద్దు. ఓటీపీ చెప్పవద్దు. బీమా ఫారాల్లో చాలా భాగం ఇప్పుడు ఫోన్లోనే నింపుతున్నారు, ఓటీపీయే మీ సంతకం. కంపెనీ నుంచి "మీకు అన్నీ వివరించారా" అని ఫోన్ వస్తుంది. అన్నింటికీ అవును అనమని ఏజెంటు పక్కన కూర్చుని చెబుతాడు. అర్థం కాకపోతే అర్థం కాలేదనే చెప్పండి. ఆ కాల్ రికార్డు అవుతుంది, రేపు తగాదా వస్తే అది మీకు సాక్ష్యం.

రూ.456 సంగతి

ఎవరైనా రూ.20 వేల పాలసీ గురించి చెప్పినప్పుడు, ముందు ఇవి మీకు ఉన్నాయో లేదో చూసుకోండి. ప్రధానమంత్రి జీవన్ జ్యోతి బీమాకు ఏడాదికి రూ.436. ఏ కారణంతో చనిపోయినా కుటుంబానికి రూ.2 లక్షలు వస్తాయి. అయితే కొత్తగా చేరిన మొదటి 30 రోజుల్లో ప్రమాద మరణానికే వర్తిస్తుంది. 18 నుంచి 50 ఏళ్లలోపు చేరాలి. ప్రధానమంత్రి సురక్ష బీమాకు ఏడాదికి రూ.20. ప్రమాదంలో చనిపోతే రూ.2 లక్షలు, 70 ఏళ్ల వరకు ఉంటుంది. రెండూ కలిపి రూ.456. ఇవి పొదుపు కావు, మనిషి బతికుంటే డబ్బు తిరిగి రాదు. అందుకే వీటి గురించి ఎవరూ మీ ఇంటికి వచ్చి చెప్పరు.

వీటికి డబ్బు మే నెలాఖరులో మీ ఖాతా నుంచి కట్ అవుతుంది. ఆ రోజుల్లో ఖాతా ఖాళీగా ఉంటే బీమా ఆగిపోతుంది. పింఛను తీసిన వెంటనే మొత్తం డ్రా చేసేవారు మే నెలలో ఒక రూ.500 వదిలేయండి.

నంబరే లేనివాళ్లు

ఇప్పటిదాకా చెప్పింది ఏదో ఒక సంస్థ దగ్గర నమోదైనవారి గురించి. ఎక్కడా నమోదు లేకుండా డిపాజిట్లు కట్టించుకునేవారు వేరు. అగ్రిగోల్డ్ పేరు మన రాష్ట్రంలో తెలియని ఊరు లేదు. సుమారు 32 లక్షల ఖాతాలు, రూ.6 వేల కోట్లకు పైగా సొమ్ము. రాష్ట్ర ప్రభుత్వం 2019 నవంబరులో రూ.10 వేలలోపు కట్టినవారికి, 2021 ఆగస్టులో రూ.20 వేలలోపు వారికి ఖజానా నుంచి చెల్లించింది. ఆ పైన కట్టినవారు ఏళ్ల తరబడి ఎదురుచూడాల్సి వచ్చింది. అందులో కట్టించిన ఏజెంట్లు కూడా చాలామంది మన పక్కింటివాళ్లే. వాళ్లూ తమ డబ్బు పెట్టారు, బంధువుల ముందు తల ఎత్తుకోలేకపోయారు. ఆ ఏజెంట్లకు ఏ పరీక్షా లేదు, వాళ్లను ప్రశ్నించే నియమావళీ లేదు. నమోదు నంబరు ఎందుకు అడగాలో అగ్రిగోల్డ్‌లో కట్టినవారికి నేను చెప్పనక్కర్లేదు.

2019లో వచ్చిన కేంద్ర చట్టం ప్రకారం అనుమతి లేని డిపాజిట్ పథకాలు నేరం. తెలిసి తెలిసి తప్పుడు హామీ ఇచ్చి అందులో డబ్బు పెట్టించినవారూ శిక్షకు లోబడతారు. ఒక కంపెనీకి డిపాజిట్లు తీసుకునే అనుమతి ఉందో లేదో రిజర్వు బ్యాంకు వారి "సచేత్" వెబ్‌సైట్లో చూడవచ్చు. చిట్టీ అయితే చిట్స్ రిజిస్ట్రార్ దగ్గర నమోదైన గ్రూపేనా, దాని నంబరేంటి అని అడగండి. చిట్టీ నడిపేవారి కమీషన్ 7 శాతం మించకూడదు.

టెలిగ్రామ్, వాట్సాప్ గ్రూపుల్లో షేర్ల టిప్పులు ఇచ్చేవారి గురించి పిల్లలకు చెప్పండి, వాళ్లే ఎక్కువగా పడుతున్నారు. 2023 అక్టోబరులో, శిక్షణ పేరుతో షేర్ల సలహాలు అమ్మిన ఒక యూట్యూబర్ నుంచి, అతనితో ఉన్నవారి నుంచి రూ.17.2 కోట్లు విడిగా జమ చేయించాలని సెబీ ఆదేశించింది. 2024 ఆగస్టు నుంచి, నమోదైన బ్రోకర్లు, ఫండ్ కంపెనీలు ఇలాంటి నమోదు లేని టిప్పుల వాళ్లతో సంబంధం పెట్టుకోకూడదు. 2025 జనవరిలో, కేవలం పాఠాలు చెబుతున్నామనేవారు గత 3 నెలల షేరు ధరలు చూపించి చెప్పకూడదని స్పష్టం చేశారు. మార్కెట్ పెట్టుబడిలో ఇంత లాభం ఖాయమని చెప్పే హక్కు నమోదైన సలహాదారుకు కూడా లేదు. ఖాయం అన్నారంటే ఆ మనిషి నమోదైనవారు కాకపోవచ్చు, లేదా నిబంధన తప్పుతున్నారు. సలహాదారు మీ డబ్బును తన ఖాతాలో వేయించుకోకూడదు కూడా. ఆయనకు వెళ్లాల్సింది ఫీజు ఒక్కటే, అదీ బ్యాంకు ద్వారా, రసీదుతో.

ఇప్పటికే ఇరుక్కుంటే

30 రోజులు దాటలేదంటే ముందు బీమా కంపెనీకే, ఏజెంటుకు కాదు, పాలసీ వద్దని రాసి ఇచ్చి అందినట్టు ముద్ర వేయించుకోండి. ఏజెంటు చేతికిస్తే గడువు దాటేదాకా జేబులో ఉండిపోయే ప్రమాదం ఉంది.

గడువు దాటినా, అబద్ధం చెప్పి అమ్మారని అనిపిస్తే కంపెనీకి ఫిర్యాదు రాయండి. నెలలో జవాబు రాకపోయినా, వచ్చిన జవాబు నచ్చకపోయినా హైదరాబాద్‌లోని బీమా అంబుడ్స్‌మన్‌కు వెళ్లవచ్చు. ఆంధ్రప్రదేశ్, తెలంగాణ రెండూ ఆ కార్యాలయం కిందే వస్తాయి. ఫీజు లేదు, లాయరు అక్కర్లేదు. కంపెనీ జవాబు వచ్చిన ఏడాదిలోపు వెళ్లాలి. మేము పోగొట్టుకున్నది ఈ గడువే. ఐఆర్‌డీఏఐ వారి ఫిర్యాదుల ఫోన్ నంబరు 155255.

బ్యాంకు మీద ఫిర్యాదు అయితే ముందు బ్యాంకుకు రాసి, 30 రోజుల తర్వాత రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్‌కు వెళ్లాలి. వివరాలకు 14448. ఫండ్లు, షేర్లు, సలహాదారుల మీద అయితే సెబీ వారి "స్కోర్స్" వెబ్‌సైట్, ఫోన్ 1800 266 7575. ఆన్‌లైన్ మోసంలో డబ్బు పోతే ఆలోచించకుండా వెంటనే 1930కి చేయండి, ఎంత త్వరగా చేస్తే అంత డబ్బు ఆపే వీలుంటుంది.

ఆన్‌లైన్‌లో ఫిర్యాదు పెట్టడం రాకపోతే సచివాలయంలో డిజిటల్ అసిస్టెంట్‌ను అడగండి. అనుమతి లేని డిపాజిట్ల విషయమైతే పోలీసు స్టేషన్లో ఇవ్వండి, సోమవారం కలెక్టరేట్‌లో జరిగే ప్రజా సమస్యల పరిష్కార వేదికలోనూ అర్జీ ఇవ్వవచ్చు.

కొనేముందే ఎవరినైనా అడగాలనుకుంటే, ఏమీ అమ్మని మనుషులు మనకు దగ్గర్లోనే కొందరు ఉన్నారు. బ్యాంకులు నడిపే ఆర్థిక అక్షరాస్యత కేంద్రాల్లో కౌన్సెలర్లు ఉంటారు. వాళ్లు పాలసీలు అమ్మరు, ఫీజు తీసుకోరు. ఫలానా షేరు కొనమని చెప్పరు గానీ, మీ చేతిలో ఉన్న కాగితం ఎఫ్‌డీయా, బీమానా, ఎన్నేళ్లు కట్టాలి అన్నది చదివి చెబుతారు. మీ మండలానికి ఏ కేంద్రం దగ్గరో లీడ్ బ్యాంకు మేనేజర్ కార్యాలయంలో గానీ, మీ బ్యాంకు శాఖలో గానీ అడిగితే చెబుతారు. డ్వాక్రా గ్రూపు సమావేశానికి రమ్మని పిలిస్తే వాళ్లే వస్తారు కూడా. వెళ్లేటప్పుడు ఆ పెట్టెలో ఉన్న బాండ్లన్నీ ఒక సంచిలో వేసుకుని వెళ్లండి.